బొట్టు పెట్టిన చక్రాలు

ఆ రోజుల్లో నాకు తెలియనిది అంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. మెటలర్జీ డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం ఇంకా రాని రోజులవి. ఆ రెండింటి మధ్యా మనిషికి ఉండేంత జ్ఞానం అంతకు ముందూ ఉండదు, ఆ తర్వాతా ఉండదని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో కుక్కర్ ఎందుకు కూత పెట్టలేదో, చెంచా ఎందుకు వంగిందో, కత్తిపీటకి నల్ల మచ్చలు ఎందుకొచ్చాయో, అడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని. (కుక్కర్ బాగు చెయ్యమంటే మాత్రం బజారుకి తీసుకెళ్ళమనేదాన్ని.) మా నాన్నకి ఊరూరా బదిలీలు కావడంతో నేను చిన్నప్పటి నుంచీ భిలాయి సెక్టర్ 4లో మా పెదనాన్న వాళ్ళ క్వార్టర్‌లోనే పెరిగాను. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ వాదించగలిగేదాన్ని, మూడింట్లోనూ పెద్దమ్మ దగ్గర ఓడిపోయేదాన్ని.

మా పెదనాన్న ప్లాంటులో పనిచేసింది తుక్కు యార్డులో. నలుమూలల నుంచీ వచ్చే పాత ఇనుమంతా అక్కడ గుట్టలుగా పడుంటే, పెద్ద అయస్కాంతం ఉన్న క్రేన్‌తో ఎత్తించి కొలిమికి పంపించడం ఆయన ఉద్యోగం. ఆయన చేతుల మీదుగా ఎన్ని కుర్చీలు, ఎన్ని సైకిళ్ళు, ఎన్ని వంతెనలు కరిగిపోయాయో ఆయనకే గుర్తులేదు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి మెత్తబడ్డారు. ఆఫీసర్లని తిప్పి తిప్పి అలిసిపోయిన ఒక తెల్ల అంబాసిడర్‌ని వేలం వేస్తుంటే, ఎవరూ పాడుకోకపోతే అది తుక్కులోకి పోతుందని తెలిసి, తనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. "నా సేతుల్తో అన్నీ కొలిమిలోకే తోసేను గుంటా. ఒక్కటైనా దాని నోట్లోంచి లాగాల గదా" అనేవారు. కొన్నాళ్ళు మేం ఆ కారులో రాజాల్లా తిరిగాం. డోంగర్‌గఢ్ కొండకి కూడా వెళ్ళొచ్చాం. తర్వాత ఆయనకి డ్యూటీలూ, దానికి దగ్గూ ఎక్కువై, అది పెరట్లో టార్పాలిన్ కింద పడుకుంది. వానాకాలాలు వచ్చి పోతున్నా మేమెవరం ఆ టార్పాలిన్ ఎత్తి చూడలేదు.

పెదనాన్న రిటైరయ్యాక స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. శ్రావణంలోనే పాలు పొంగించేశాం. సామాను చేరవేసి, సెప్టెంబరు ఆఖరుకి క్వార్టర్ ఖాళీ చేసి తాళాలు ఇచ్చెయ్యాలి. పెరడంతా శుభ్రం చేసివ్వాలి. అప్పుడు టార్పాలిన్ ఎత్తాం. ఎత్తిన వెంటనే మళ్ళీ కప్పేద్దామనిపించింది. పెద్దమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఇల్లంతా వినపడేలా తీర్పు చెప్పింది.

"ఏటండీ, ఇటినండి. విశ్వకర్మ పూజ సాయంత్రానికి ఈ బండి దాని సక్రాల మీద అది నిలబడాల. నిలబడిందా, నానే హారతిచ్చి కొత్తింటికి తీసుకెల్తాను. నిలబడలేదా, కబాడీవోడికి అప్పజెప్పేస్తాను. మరి తరవాత నన్ననకండి."

విశ్వకర్మ పూజంటే సెప్టెంబరు మధ్యలో వచ్చే పనిముట్ల పండగ. కబాడీ అంటే మా వీధిలో పాత సామాన్లు కొనే భయ్యా. ప్రతి ఆదివారం గేటు దగ్గర తన రిక్షా ఆపి, "అంకల్‌జీ, గాడీ కా క్యా సోచా?" అని, అంటే కారు సంగతి ఏం ఆలోచించారని, మంచంలో ఉన్న మనిషి ఆరోగ్యం అడిగినంత మర్యాదగా అడిగేవాడు. ఆ ప్రశ్న వినపడితే పెదనాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. తీర్పు విన్న రోజున ఆయన అరుగు మీద కూర్చుని, "తిరిగి తిరిగి నా యార్డుకే ఒస్తాది. నా అయస్కాంతమే దాన్ని ఎత్తుతాది" అన్నారు. ఈ కారుని నేను బతికిస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను. డిగ్రీ ఉంది కదా.

హథ్‌ఖోజ్ కార్ల షెడ్డు నుంచి వచ్చిన మిస్త్రీ ఇంజన్‌ని ఎలాగో దగ్గించి, తుమ్మించి, చివరికి మాట్లాడించాడు. చక్రాలు ఊడదీసి కారుని ఇటుకల మీద నిలబెట్టి, టైర్లు విప్పి, రిమ్ములు మా ముందు పడేశాడు. వాటి పక్కనే తలుపుల బందులు, బంపర్ పట్టీలు, గుప్పెడు నట్లూ బోల్టులూ. "ఇంజన్ మేరా, జంగ్ ఆప్‌కా" అన్నాడు. అంటే తుప్పు వదిలించి, ప్రైమర్ కొట్టి ఇస్తే బిగించే పూచీ తనది, ఆ తుప్పు ముట్టుకునే ఖర్మ మాత్రం మాది. వేలు పెడితే రిమ్ము అప్పడంలా రేకులు రాలుతోంది. (పెదనాన్న ఆ రేకుల్ని కూడా ఏరి జేబులో వేసుకోవడం నేను చూశాను.)

ఇక వైద్యుల రాక మొదలైంది. పక్క క్వార్టర్‌లో ఉండే బాబాయి ప్లాంటు లాబొరేటరీలో పనిచేసి రిటైరయ్యాడు. జీవితమంతా యాసిడ్లతో గడిపాడు కాబట్టి వీధిలో ఆయన పేరు యాసిడ్ బాబాయి. ఆయన రిమ్ముని ఒకసారి గోకి, "హైడ్రోక్లోరిక్‌లో ఓ ముంచు ముంచీమ్మా. అద్దంనాగ ఒచ్చెస్తాది" అన్నాడు. నేను ఊరుకుంటానా? యాసిడ్‌లో ముంచితే ఇనుములోకి హైడ్రోజన్ దూరుతుందనీ, అది పెళుసెక్కుతుందనీ, నడిరోడ్డు మీద చక్రం ముక్కలవుతుందనీ, పెరట్లో ఇటుక ముక్కతో గోడ మీద బొమ్మ గీసి మరీ ఉపన్యాసం ఇచ్చాను. బాబాయి మొత్తం విని, "మరైతే ఏటి సేద్దామంటావు?" అన్నాడు. వెనిగర్ అన్నాను. ఫోన్లో ఎవరో గడ్డం దొర డ్రమ్ము నిండా వెనిగర్ పోసి, తుప్పు పట్టిన కారు భాగాలన్నీ నానబెట్టి, వెండి సామాన్లలా పైకి తీసే వీడియో నేను నోటికొచ్చేదాకా చూశాను. పెదనాన్న సంచీ పట్టుకుని బజారుకెళ్ళి డ్రమ్ముడు వెనిగర్ అడిగితే, దుకాణం వాడు కళ్ళజోడు సవరించుకుని, "షాదీ హై క్యా అంకల్? చౌమీన్ కిత్నే లోగోం కా?" అన్నాడట. ఇంట్లో పెళ్ళా, నూడుల్స్ ఎంతమందికి అని. ఆయన ఖాళీ సంచీతో తిరిగొచ్చారు.

అప్పుడు వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు వినపడింది. "పులుపే గదేటి మీకు కావాల్సింది? తరవాణి లేదేటి?"

తరవాణి అంటే మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. బియ్యం కడుగూ, అన్నం వార్చిన గంజీ కుండలో పోసి పులియబెట్టుకునే నీళ్ళు. ఎండల్లో చద్దన్నంలో పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటే పోయిన ప్రాణం లేచొస్తుంది. పెద్దమ్మ శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చినప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ఆ కుండనే. నేను గంభీరంగా, అందులో ఉండేది లాక్టిక్ ఆమ్లమనీ, బలహీనమైనదే అయినా సిద్ధాంతపరంగా పనిచేసే అవకాశం ఉందనీ చెప్పాను. "పులుపు పులుపేనే" అంది పెద్దమ్మ. కారుని వదిలించుకుంటానన్న మనిషే కారుకి మందు చెప్పడమేమిటని అనుమానం రావాల్సింది. జ్ఞానం ఎక్కువగా ఉన్నప్పుడు అనుమానాలు రావు.

ఒక్క కుండతో కారు చక్రాలు మునగవు కదా. పెద్దమ్మ వీధి వీధంతా కబురు పెట్టింది. తెలుగు వాళ్ళ ఇళ్ళ నుంచి తరవాణి బిందెలతో వచ్చి పెరట్లో పెట్టిన డ్రమ్ములో పడింది. వెనక వీధి ఛత్తీస్‌గఢీ దీదీ, వాళ్ళూ రాత్రన్నం నీళ్ళలో నానబెట్టి పొద్దున్న తింటారు కాబట్టి, "హమార్ బాసీ కే పానీ ఘలో లే లే" అంటూ వాళ్ళ బాసీ నీళ్ళు బకెట్‌తో పోసింది. ఒకావిడ ఇంట్లో పులిసిన మజ్జిగ కూడా తెచ్చింది, పోనీలెమ్మని అదీ పోశాం. యాసిడ్ బాబాయి రోజూ పొద్దున్నే వచ్చి వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "ఇంకా పులవాల" అని తల ఊపి వెళ్ళేవాడు. (ప్లాంటులో బొట్టు బొట్టూ కొలిచి పోసిన మనిషి.) ఆ వాసనకి వీధి కుక్కలు మా గేటు దగ్గర పడుకోవడం మానేశాయి. ఒక ఆవు మాత్రం రోజూ వచ్చి డ్రమ్ములో మూతి పెట్టేది. నేను కర్రతో తరుముతుంటే పెద్దమ్మ, "తాగనీవే, దానికీ ఐరన్ టానిక్కు అవుతాది" అనేది.

మీరు నమ్మండి, నమ్మకపోండి, పనిచేసింది. రోజూ రిమ్ములు పైకి తీసి కొబ్బరి పీచుతో, ఇసుకతో, ఇనుప తీగల బ్రష్‌తో పెదనాన్నా నేనూ రుద్దేవాళ్ళం, మళ్ళీ ముంచేవాళ్ళం. గోళ్ళలోకి దిగిన తుప్పు అన్నం కలుపుకున్నా పోయేది కాదు. చివరికి పూజ ముందు రోజు సాయంత్రానికి తుప్పంతా పోయి, బూడిద రంగు ఇనుము తళతళలాడుతూ బయటపడింది. పెదనాన్న ఒక రిమ్ముని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దాని మధ్యలోంచి నన్ను చూసి నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను అంతకు ముందు చూసిన గుర్తు లేదు. వాన ముసురుగా ఉంది, తడి గాలిలో ప్రైమర్ కొడితే బుడగలొస్తాయని పొద్దున్నే కొడదామన్నాను. నూనె రాద్దామని బాబాయి అంటే, నూనె మీద రంగు పట్టదని కొట్టిపారేశాను. అన్నిటినీ పొడిగా తుడిచి, ముందు గదిలో పాత దుప్పటి మీద పరిచి, ఫ్యాన్ వేసి, ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ జారీ చేశాను. ఇది నగ్నంగా ఉన్న ఇనుము, చేతి చెమట తగిలినా తుప్పు పట్టేస్తుంది, నీటి చుక్క సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎవరూ ముట్టుకోకూడదు. పొద్దున్న ప్రైమర్, మధ్యాహ్నం మిస్త్రీ, సాయంత్రానికి చక్రాల మీద కారు. అందరూ తలలూపారు. పెద్దమ్మ అందరికంటే ఎక్కువ ఊపింది.

మర్నాడు నేను లేచేసరికి ఇల్లంతా అగరొత్తుల వాసన. భిలాయిలో విశ్వకర్మ పూజంటే మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజు ప్లాంటులో క్రేన్ దగ్గర్నుంచి వీధిలో టైలర్ కత్తెర దాకా ఊళ్ళో ఇనుమన్నది దేవుడే. ముందు గదిలోకి వెళ్ళి చూశాను. రిమ్ములన్నీ వరసగా గోడకి చేరేసి ఉన్నాయి. వాటికి పసుపు నీళ్ళతో శుభ్రంగా స్నానం చేయించారు. ఒళ్ళంతా పసుపు పూసి, ఒక్కోదానికీ ముచ్చటగా కుంకుమ బొట్లు పెట్టారు. బందులకీ బొట్లు, పట్టీలకీ బొట్లు. ఆఖరికి నట్లకీ బోల్టులకీ కూడా ఒక్కోదానికీ ఒక్కో చిన్న బొట్టు. పైన కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు చల్లారు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, తడి జుట్టు ముడేసుకుని, హారతి పళ్ళెంతో నా వైపు తిరిగింది. ఆవిడ మొహం పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినంత సంబరంగా ఉంది.

"సూడే, ఎంత బాగున్నాయో! ఇన్నాల్లూ నానే దీన్ని తిట్టేను, పాపం. తానం సేసిన సంటి బిడ్డలాగ మెరుస్తంటే మనసాగలేదు."

నాకొచ్చిన మూడు భాషల్లో ఏదీ అక్కరకు రాలేదు. గుడ్డ తీసుకుని పరిగెత్తి తుడవబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒలమ్మ! పూజ సేసిన సామాను రేపు పొద్దుటిదాకా కదపకూడదు. పెద్ద సదువు సదివేవు, ఈ మాత్రం తెలీదేటి?" పెదనాన్న వైపు చూశాను. ముప్పై ఏళ్ళ పైన తన క్రేన్‌కి అదే రోజున బొట్టు పెట్టి, ఆ రోజంతా దాన్ని కదపనివ్వని మనిషి ఆయన. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, చక్రాలకి దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని, నా పక్కన కూర్చున్నారు.

ఆ రోజంతా మేమిద్దరం అలా కూర్చునే ఉన్నాం. మైకుల్లో పాటలు మోగుతున్నాయి, వీధంతా పండగ చేసుకుంటోంది, మా కళ్ళ ముందు తుప్పు పుడుతోంది. టిఫిన్ వేళకి బొట్ల చుట్టూ లేత నారింజ రంగు వచ్చింది. భోజనాల వేళకి పసుపు కారిన చారికల వెంబడే అది పాకింది. నేను నాలుగేళ్ళు పుస్తకంలో చదువుకున్న పాఠం అక్కడ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా నడిచింది, ఆపడానికి నాకు వీల్లేదు. యాసిడ్ బాబాయి ప్రసాదానికి వచ్చి, వంగి చూసి, "బాగా పులిసింది" అని ఒక్క మాట అని కూర్చుండిపోయాడు. మిస్త్రీ కూడా వచ్చాడు. అతను తన పానాలకి పొద్దున్నే పూజ చేసి పెట్టెలో పెట్టేశాడట, ఆ రోజు బోల్టు ముట్టడట. ఆ మాట ముందే చెప్పాల్సింది కదా అంటే, "మేడమ్, ఏ తో సబ్‌కో పతా హై", అది అందరికీ తెలిసిందేగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా కోసం కాదు. పెదనాన్న జేబులో చెయ్యి పెట్టుకుని ఆ తుప్పు రేకుల్ని నలుపుతున్నారు, ఆ చప్పుడు నాకు వినపడుతోంది.

సాయంత్రమైంది. గేటు చప్పుడైంది. కబాడీ భయ్యా తలంటు పోసుకుని, తన రిక్షాకి బంతిపూల దండ వేసి, తక్కెడకి కూడా బొట్టు పెట్టుకుని వచ్చాడు. పెరట్లో ఇటుకల మీద చక్రాల్లేని కారుని చూశాడు. పెద్దమ్మ గుమ్మంలోకొచ్చి, "దేఖో భయ్యా, మాటంటే మాటే. నిలబడలేదు. లే జావ్" అని తీసుకుపొమ్మన్నట్టు కారు వైపు చెయ్యి చూపించింది. పెదనాన్న లేచి నిలబడ్డారు. కబాడీ భయ్యా లోపలికి తొంగి చూసి, వరసగా బొట్లు పెట్టుకుని కూర్చున్న చక్రాల్నీ, ఎదురుగా వెలుగుతున్న దీపాన్నీ చూసి, నాలిక కరుచుకుని రెండు చెవులూ పట్టుకున్నాడు.

"అరే ఆంటీజీ! పూజా కియా హువా లోహా? ఆజ్ కే దిన్? నా బాబా నా. విశ్వకర్మ బాబా కా మాల్ మై తౌలూంగా? మేరా ధంధా బైఠ్ జాయేగా." పూజ చేసిన ఇనుముని తూకం వేస్తే తన వ్యాపారం మునుగుతుందంటున్నాడు. ఈ రోజే కాదు, ఇక ఈ కారుని తను ఎప్పటికీ ముట్టననీ, వీధిలో ఇంకే కబాడీనీ ముట్టనివ్వననీ చెప్పాడు. చక్రాలకి దణ్ణం పెట్టి, లడ్డూ తీసుకుని వెళ్ళిపోయాడు. (ఊరంతా ఏటా పూజ చేసిన ఇనుమే ఏదో ఒక రోజు తుక్కవుతుంది కదా అని నాకు అనిపించకపోలేదు. జీవితంలో మొదటిసారి నాకు తెలిసిన సంగతి నోట్లోనే దాచుకున్నాను.)

పెద్దమ్మ బుగ్గన వేలేసుకుని, "అయ్యో, ఇప్పుడేటి సేస్తాం! కబాడీవోడే ఒద్దన్నాక ఇంకెవుడికిస్తాం? మోసుకెల్లాల్సిందే" అంది. ఆవిడ గొంతులో విచారం పిసరంత కూడా లేదు. పెదనాన్న ఆవిడని అలాగే చూస్తూ ఉండిపోయారు. తర్వాత వెళ్ళి ఆవిడకి ఇష్టమైన జిలేబీలు పొట్లం కట్టించుకుని వచ్చారు. అందులో నాకూ ఒకటి దక్కింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొబ్బరి పీచు, మళ్ళీ తరవాణి. ఈసారి తుడిచిన చెయ్యి ఆరకముందే ప్రైమర్ కొట్టేశాను. ఎక్కడా చుక్క తుప్పు మిగలకుండా రుద్ది రుద్ది పూసిన ఆ ప్రైమర్ పేరు రెడ్ ఆక్సైడ్, దాని రంగు అచ్చం తుప్పు రంగు. అది పూసిన చక్రాలు బిగించుకుని మా తెల్ల అంబాసిడర్ స్మృతి నగర్‌కి బయల్దేరింది. ముందు సీట్లో పెదనాన్న, పక్కన తరవాణి కుండ ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ, వెనక దేవుడి పటాల మధ్య నేను. కొత్త వీధిలో ఒకాయన గేటు దగ్గర నిలబడి మా చక్రాలు చూసి, "బండి బాగుంది గానీ, ఆ తుప్పు కాస్త వదిలించుకోండి సార్" అన్నాడు. దానికి కూడా నేను జవాబు చెప్పబోతే పెదనాన్న హారన్ కొట్టారు.

ఇప్పుడు తుప్పే నా ఉద్యోగం. రాయపూర్‌లో ఉంటూ వంతెనలకీ ట్యాంకులకీ ఏ పూత వెయ్యాలో చెప్పి జీతం తీసుకుంటున్నాను. ఇంటర్వ్యూలో తుప్పు వదిలించిన అనుభవం ఉందా అని అడిగితే తరవాణి సంగతి చెప్పలేదు. ఆ రిమ్ములకి తర్వాత హథ్‌ఖోజ్‌లో మంచి నల్ల రంగు వేయించాం. కానీ ముందు చక్రం మీద ఒక చోట, వేలి కొన పట్టేంత చిన్న పల్లం మిగిలిపోయింది. ఆ రోజు కుంకుమ బొట్టు ఇనుముని తినేసిన చోటు అది. అక్కడ రంగు నిలవదు, ఏటా కాస్త ఊడుతుంది. పెద్దమ్మని ఎన్నోసార్లు అడిగాను, ఆ పూజ తెలిసే చేశావా, తెలియక చేశావా అని. "నాకేటి తెలుసే, నాను సదువుకున్నానేటి?" అని పని చూసుకుంటుంది.

మొన్న విశ్వకర్మ పూజకి స్మృతి నగర్ వెళ్ళాను. ఒక పూట ముందే వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా నాలుగు చక్రాలకీ మైనం పట్టించి మెరిసేలా తుడిచాను. ఇక నీళ్ళు పోసినా, పసుపు పూసినా ఏమీ కాదు. ఉద్యోగం ఊరికే ఇవ్వరు కదా. పొద్దున్న పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని కుంకుమ తడిపి బొట్టు పెట్టబోయింది. పెట్టింది పెట్టినట్టే జారిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. "ఏటే ఇది? బొట్టు నిలవట్లేదు" అని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చక్రం వైపు వంగింది. వెనకాల పెదనాన్న మైనం డబ్బా వైపు, నా వైపు మార్చి మార్చి చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు.

నేను ఆవిడ పక్కన కూర్చుని, చున్నీ కొసతో ఆ పల్లం దగ్గర మైనం గట్టిగా రుద్ది తుడిచేశాను. "ఇప్పుడు పెట్టు పెద్దమ్మా" అన్నాను. పెట్టింది. నిలిచింది. రేపటికి అక్కడ తుప్పు మొదలవుతుందని నాకు తెలుసు, ఎందుకు మొదలవుతుందో కూడా తెలుసు. డిగ్రీ చేతబట్టుకుని తిరిగిన ఆ పిల్లే గనక అక్కడ ఉంటే గోడ మీద బొమ్మ గీసి మరీ చెప్పేది. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.